పెట్రోలు పంపు నిజంగానే పోయిందా? మార్చేముందు తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న:
పాత కార్బురేటర్ కారు, ఇంజిన్‌కి బిగించిన మెకానికల్ పంపు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, అరగంట బాగానే నడిచి, ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులిచ్చి ఆగిపోతుంది. పావుగంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్. మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండానే పంపు పోయింది అనేశాడు. ఆ పంపు దొరకడమే కష్టం, మార్చాక కూడా ఇదే గోలైతే? ఇంట్లో టెస్ట్ చేసుకునే దారి ఉందా?

జవాబు 1:
ముందు పెట్రోలు అందట్లేదా, స్పార్క్ పోతోందా తేల్చండి, వేడెక్కిన ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి కరెంటు ఇచ్చేది) కూడా అచ్చం ఇలాగే ఏడిపిస్తుంది. బండి ఆగిన వెంటనే తాళం ఆఫ్ చేసి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్‌లోకి చూస్తూ థ్రాటిల్ చేత్తో కదపండి. సన్నటి ధార కొడితే లోపల పెట్రోలు ఉన్నట్టే, పంపు జోలికి పోకండి. పొడిగా ఉంటే ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి స్టార్ట్ అయిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట, మూత మారిస్తే చాలు.

జవాబు 2:
పంపు టెస్ట్ మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట చేయండి. కాయిల్‌కి కరెంటు ఇచ్చే వైరు పీకేసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆగి ఆగి బలంగా చిమ్మాలి. ప్రెషర్ గేజ్ ఉంటే టీ జాయింటుతో పెట్టి ఐడిల్‌లో చూడండి, ఇలాంటి పంపులకి సాధారణంగా 3 నుంచి 6 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే లెక్క. ఇంజెక్షన్ బళ్ళకి చెప్పే 40 పీఎస్ఐ చూసి టెన్షన్ పడకండి. ఇంజిన్ ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ కూడా వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమని, ఆయిల్ లెవెల్ కూడా పెరిగి ఉంటే పంపు లోపలి డయాఫ్రమ్ (పెట్రోలుని లాగి నెట్టే పొర) చిరిగి ఉంటుంది, ఇక బండి నడపకండి, పలచబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి.

జవాబు 3:
సీసాలో ధార సన్నగా వచ్చినా తప్పు పంపుదే అనుకోకండి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు పైపులో పంపు లాగుతుంటుంది కదా, అది పగిలితే చాలాసార్లు చుక్క కూడా బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కంటికి ఏమీ కనబడదు. నేను ఇది తెలియక పంపు మార్చి వారం తర్వాత మళ్ళీ రోడ్డు మీద నిలబడ్డాను. చిన్న డబ్బాలో పెట్రోలు పోసి, కొత్త పైపుతో నేరుగా పంపుకి ఇచ్చి సీసా టెస్ట్ మళ్ళీ చేయండి. అప్పుడు ధార బాగుంటే పంపు బాగున్నట్టే.

అడిగినవారు:
ఆగిన చోటే చూశా, ధార లేదు, మూత తీసినా మార్పు లేదు. సీసాలోకి బుడగలు బుడగలుగా వచ్చింది, డబ్బా నుంచి ఇస్తే బుడగలు మాయం. ట్యాంకు పక్కన పైపు వంచి చూస్తే సన్నటి పగుళ్ళు! పైపు, క్లిప్పులు మార్చి నిన్న అదే ఎత్తు రెండుసార్లు ఎక్కించా, ఆగలేదు. డిప్‌స్టిక్ వాసన కూడా ఏమీ లేదు. మెకానిక్‌కి ఇంకా చెప్పలేదు.