మతిమరుపా, పరేషానా?

హనుమకొండ నుంచి:
అందరికి నమస్కారం. మా తమ్ముడు ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల గుమాస్తా. మిర్చి సీజన్ల తెల్లారి పోతే రాత్రికే వచ్చుడు. మొన్న తక్‌పట్టీ (సరుకు లెక్క రాసి రైతుకు ఇచ్చే చీటీ) రాస్తుంటె ఒక దిక్కు ఫోను, ఒక దిక్కు రైతులు, ఎన్క సేటు కేకలు. 18 బస్తాలను 81 అని రాసిండు. పదేండ్ల సంది ఎరుకున్న రైతు ఎదురుంగనే నిలబడితే పేరు నోటికి రాలేదు. ఇంటికొచ్చి “నాకు మతిమరుపు రోగం పట్టిందక్కా” అని తల పట్టుకున్నడు. మా అమ్మనేమో “మతిమరుపు కాదు బిడ్డా, పరేషాన్ల ఉన్నవ్” అన్నది. ఈ రెండు మాటలకు తేడా ఏందో చెప్పుర్రి.

జనగామ నుంచి:
మీ అమ్మ సరిగ్గ పట్టిందమ్మా. ఫారసీల పరేషాన్ అంటే చెదిరిపోయింది అని. గాలికి చెదిరిన జుట్టుకు గూడ ఆ మాటే వాడుతరు. ఉర్దూ నుంచి మన దగ్గరికి వచ్చినంక దిగులు, తిప్పలు అనే అర్థం ముందుకొచ్చింది. ‘మతి ఒక్కకాడ లేదు’ అంటం సూడు, దానికి అంతకన్న దగ్గరి తెలుగు నాకు దొరకలే.

చెదిరిపోవుడు ఉత్త పోలిక గాదు. రాసేదాక అంకెను మనసుల పట్టుకునే పని నుదుటి ఎన్క ఉండే మెదడు భాగం ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది. ఒత్తిడిల దాని పట్టు సడలుతది. అప్పుడు అడ్రినల్ గ్రంథులు వదిలే కార్టిసాల్ అనే హార్మోన్, జ్ఞాపకాలను కూర్చే మెదడు భాగం హిప్పోకాంపస్ మీద గూడ పనిచేస్తది. ఆ రైతు పేరు ఎటూ పోలే, ఆ నిమిషంల అందలే. తర్వాత యాదికొచ్చిందా అడుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గూడ 2019ల బర్నౌట్‌ను (పని ఒత్తిడితోని పూర్తిగ అలిసిపోవుడును) పనితోని వచ్చే స్థితి అన్నది, రోగం అనలే. అయినా సీజన్ దాటినంక గూడ మరుపు తగ్గకుంటె డాక్టర్‌కు సూపియ్యి. థైరాయిడ్ తేడా ఉన్నా, బి12 తగ్గినా ఇట్లనే ఉంటది.

కరీంనగర్ నుంచి:
మా దిక్కు ఇసొంటప్పుడు ‘ఆగమాగం అయితాన’ అంటం. అదీ ఇదీ ఒకటేనా సార్?

జనగామ నుంచి:
దగ్గరిదే తమ్మీ. కాని ఆగమాగం ఆ గడియది. పరేషాన్ అయితే రాత్రి పండుకున్నా ఎంబడే ఉంటది.

హనుమకొండ నుంచి:
అడిగిన సార్. పోచమ్మ మైదాన్ దాటంగనే పేరు యాదికొచ్చిందట! నిన్నటి సంది తక్‌పట్టీ రాసేటప్పుడు ఫోను గల్లపెట్టెల ఏసి, బస్తాల లెక్క రైతుకు ఇనబడేటట్టు సదివి రాస్తుండు.