శాంపిల్ అయితే ఎన్ మైనస్ వన్ ఎందుకు సార్ అని అడిగింది, ఏం చెప్పాలి?

కొత్త_లెక్చరర్
బీకామ్ ఫస్టియర్ వాళ్లకి బిజినెస్ స్టాటిస్టిక్స్ చెప్తున్నానండీ, గెస్ట్ ఫ్యాకల్టీగా ఇదే మొదటి సెమిస్టర్. క్లాసులో 60 మంది, ఎక్కువ మంది ఇంటర్ సీఈసీ, లెక్కలు టెన్త్‌తోనే వదిలేసి వచ్చినవాళ్లు. స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) టేబుల్ చకచకా వేసేస్తారు, 12.4 వచ్చింది కదా అంటే ఏంటమ్మా అంటే మాత్రం అందరూ నా మొహం చూస్తారు. మొన్న వెనక బెంచీ అమ్మాయి లేచి "సార్, ఉన్నవి ఎన్ కదా, శాంపిల్‌కి ఎన్ మైనస్ వన్‌తో ఎందుకు భాగించాలి" అంది (శాంపిల్ అంటే మొత్తంలోంచి తీసిన కొన్ని అంకెలు, ఎన్ అంటే అవి ఎన్ని ఉన్నాయో). డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అమ్మా అనేసి బోర్డు తుడిచేశా. ఆ పిల్ల కూర్చుంది గానీ నాకే సిగ్గేసింది, పీజీలో నేనూ ప్రూఫ్ రాసి మార్కులు తెచ్చుకున్నానంతే. ఎక్స్‌పెక్టేషన్ ఫార్ములాల గొడవ లేకుండా చెప్పే దారి ఉందా?

చాక్‌పీస్_మాస్టారు
ఉంది, మూడు చిట్టీలు చాలు. 2, 4, 6 అని రాసి డబ్బాలో వెయ్యండి. అదే మన పాపులేషన్, అంటే మొత్తం అంకెలు. మీన్ అంటే సగటు 4, వేరియన్స్ అంటే ఆ మీన్ నుంచి తేడాల వర్గాల సగటు 8/3. ఇప్పుడు ఒక చిట్టీ తీసి, చూసి, మళ్లీ డబ్బాలో వేసి ఇంకోటి తీస్తే వచ్చే జతలు మొత్తం 9, అన్నీ బోర్డు మీద రాయించండి. ఒక్కో జతకి దాని మీన్ నుంచి తేడాల వర్గాలు కూడితే (2,2) లాంటివాటికి 0, (2,4)కి 2, (2,6)కి 8, ఇలా మొత్తం 24 వస్తుంది. ప్రతి జతనీ 2తో భాగించి 9 జతలకీ సగటు తీస్తే 4/3, అసలుదాంట్లో సగం. ఎన్ మైనస్ వన్, అంటే 2 మైనస్ 1, 1తో భాగిస్తే 24/9, అంటే కచ్చితంగా 8/3. పిల్లలే అరుస్తారు చూడండి. కారణం కూడా మాటల్లోనే చెప్పొచ్చు: శాంపిల్ మీన్ ఆ శాంపిల్ అంకెల మధ్యలోనే కూర్చుంటుంది కాబట్టి వాటికి అసలు మీన్ కంటే అదే దగ్గర, అందుకే తేడాలు ఉండాల్సినదానికంటే చిన్నగా కనిపిస్తాయి, ఆ తక్కువైంది సరిచెయ్యడానికే కింద ఒకటి తగ్గిస్తున్నాం.

బిట్‌పేపర్_బాధితుడు
బాగుంది మాస్టారూ, కానీ పరీక్షలో చిట్టీలు అడగరు కదా. గ్రూపింగ్ టేబుల్ వేసి మోడ్ (ఎక్కువసార్లు వచ్చే అంకె) కనుక్కో, ఓజైవ్ (కూడుకుంటూ పోయే లెక్కల గ్రాఫ్) గీసి మీడియన్ (వరసలో పెడితే మధ్యలో వచ్చే అంకె) చూపించు, ఇవే. 60 మందికి 9 జతలు రాయిస్తే ఒక పీరియడ్ హుష్. ఏదైనా చూపించాలంటే పుట్టినరోజుల లెక్క చెయ్యండి, 23 మంది ఉంటే చాలు ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే ఛాన్స్ సగం దాటుతుంది, 60 మందిలో అయితే 99 శాతం పైనే. కాకపోతే ముందే చెప్తున్నా, సర్టిఫికెట్లలో జూన్ 1, జూన్ 10 డేట్లే ఎక్కువుంటే మీ లెక్క ఇంకా ఈజీగా గెలుస్తుంది, నిజం పుట్టినరోజులు అడగండి 😄

రెడ్‌ఇంకు_అక్క
నేను ఇద్దరితోనూ ఒప్పుకోను తమ్ముడూ. 12.4 అంటే ఏంటో తెలియని పిల్లలకి ఎన్ మైనస్ వన్ తర్వాత సంగతి. నేను మొదటి రోజు కొట్టు లెక్క చెప్తా, 5గురు పనివాళ్లు, తలా 12 వేలు, ఓనర్‌కి 3 లక్షలు, సగటు 60 వేలు. ఆ కొట్లో 60 వేలు తీసుకునేవాడు ఒక్కడైనా ఉన్నాడా? మీడియన్ 12 వేలే. ఇది పట్టుకున్నాక స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏంటో వాళ్లే అడుగుతారు.

కొత్త_లెక్చరర్
అక్కా, కొట్టు లెక్కతోనే మొదలుపెట్టా, ఆ తర్వాత చిట్టీలు. పీరియడ్ నిజంగానే హుష్ అయింది. కానీ ఆ అమ్మాయి బ్యాచ్ వాళ్లు తీసిన చిట్టీ మళ్లీ వెయ్యకుండా రెండోది తీశారు, సగటు 8/3 రాలేదు, 4 వచ్చింది. నేను మళ్లీ బోర్డు తుడిచేసే పరిస్థితి. మాస్టారూ?

చాక్‌పీస్_మాస్టారు
తుడవకండి, అదీ కరెక్టే. తిరిగి వెయ్యకపోతే జతలు మూడే, (2,4)కి 2, (2,6)కి 8, (4,6)కి 2, మొత్తం 12, సగటు 4. ఇప్పుడు పాపులేషన్ వేరియన్స్‌లో కూడా తేడాల వర్గాల మొత్తం 8ని 3తో కాకుండా 2తో భాగించి చూడండి, 8/2, అదే 4. డబ్బాలో మూడే చిట్టీలు కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది, మీ 60 మంది మార్కులు వేస్తే 60తో భాగించినా 59తో భాగించినా పెద్దగా తేలదు. ఆ అమ్మాయినే బోర్డు దగ్గరికి పిలిచి చేయించండి.