కొత్త చైన్ రెండు గేర్లలోనే జారుతోంది: లోపం చైన్‌లోనా, కాసెట్‌లోనా?

నా రోడ్ సైకిల్‌కు వెనక 11 గేర్లు, కాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి) 11–28 పళ్లు, ముందు చక్రాలు 50/34 పళ్లు. పాత చైన్ అరుగుదల గేజ్ మీద 0.75 శాతం దాటడంతో మార్చాను. కొత్తది వేరే కంపెనీదే అయినా 11 గేర్ల కోసం చేసినదే. లింకుల సంఖ్య కూడా పాతదానితో సమానం.

ఇప్పుడు 15, 17 పళ్ల చక్రాల మీద మాత్రమే, ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కినప్పుడు, చైన్ టక్కున లేచి ఒక పన్ను దాటి పడుతోంది. తేలిగ్గా తొక్కితే చప్పుడైనా లేదు. గేర్లు చక్కగా మారుతున్నాయి.

కేబుల్ బిగువు సరిచేశాను. డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే ముక్క) వంగలేదని కొలిచి చూశాను. పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకూ పరిశీలించాను. చైన్ రెండు కొసలను కలిపే క్విక్ లింక్‌తో సహా ఎక్కడా బిగుసుకోలేదు. పాత చైన్ తిరిగి వేస్తే మాత్రం జారడం పూర్తిగా ఆగిపోయింది!

నేను ఎక్కువగా వాడేది ఆ రెండు గేర్లే కాబట్టి కాసెట్ మీదే అనుమానం. కానీ పళ్ల కొనలు సూదిగా మారలేదు, పక్క చక్రాలతో పోల్చినా కంటికి తేడా తెలియడం లేదు. పనికొచ్చే కాసెట్‌ను పారేయడానికి మనసొప్పడం లేదు.

కొత్త కాసెట్ కొనకముందే, కాసెట్ అరిగిందా లేక ఈ చైన్ పొసగడం లేదా అని కచ్చితంగా తేల్చే పరీక్ష ఏది?