ప్రోటాన్ బరువును కంప్యూటర్ తేల్చింది, మరి మనకు అర్థమైనట్లేనా?

గుంటూరు అధ్యాపకుడు:
నిన్న ఇంటర్ తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: ప్రోటాన్‌లోని మూడు మూలకణాలు, అంటే క్వార్కుల ద్రవ్యరాశులు కలిపితే 9 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశికి వాడే కొలమానం) దగ్గరే ఆగుతాయి కదా, ప్రోటాన్ 938 ఎలా తూగుతుంది అని. మిగిలినది క్వార్కుల చలనంలో, వాటిని కలిపి ఉంచే గ్లువాన్లలో ఉన్న శక్తి అన్నాను. "అది ఎలా తెలుసు సార్?" అంది. భౌతిక శాస్త్రవేత్త కెన్నెత్ విల్సన్ 1974లో చూపిన దారిలో స్థలకాలాలను గళ్ల జాలకంగా మార్చి, సూపర్ కంప్యూటర్‌పై లెక్కకట్టారని చెప్పాను. ఆ జవాబు నాకే చాలలేదు. కాగితం మీద ఎవరూ తేల్చలేని సంఖ్యను యంత్రం తేలిస్తే దాన్ని వివరణ అంటామా? నేను అనను.

బెంజి సర్కిల్ ప్రోగ్రామర్:
నాదీ అదే మాట. 2008 నాటి ప్రసిద్ధ లెక్కలో న్యూక్లియాన్‌కు (ప్రోటాన్, న్యూట్రాన్‌ల ఉమ్మడి పేరు) 936 ఎంఈవీ వచ్చింది, అటూ ఇటూ 30కి పైగా దోషంతో. పైగా పయాన్, కేయాన్, క్సై అనే మరో మూడు కణాల ద్రవ్యరాశులను ప్రయోగాల నుంచే తీసుకున్నారు. తెలిసిన జవాబుకు లెక్కను సరిపెట్టడం కాదా ఇది?

కృష్ణలంక పరిశోధక విద్యార్థి:
కాదండీ. ఆ మూడూ క్వార్కుల ద్రవ్యరాశులనూ, జాలకంలో ఒక గడి ఎంతో చెప్పే కొలబద్దనూ నిర్ణయించడానికే. ఆ తర్వాత మార్చుకోవడానికి ఏమీ మిగలదు. మరో తొమ్మిది కణాల ద్రవ్యరాశులు వాటంతట అవే రావాలి, వచ్చాయి. ఇక బి-సి మెసాన్ (రెండు బరువైన క్వార్కుల జంటతో ఏర్పడే కణం) సంగతి చూడండి. ప్రయోగాల్లో వందల ఎంఈవీ అనిశ్చితి ఉన్న రోజుల్లోనే జాలక లెక్క 6304 అంది. తర్వాత 2005 ప్రాంతంలో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ప్రయోగశాలలో కొలిస్తే 6287 తేలింది. తెలిసిన జవాబు ఎక్కడుంది ఇందులో?

దోషం దాచిపెట్టాల్సిన లోపం కాదు. మన మిర్చి యార్డులో టిక్కీలన్నీ విప్పరు, కొన్నింటిలో పిడికెడు తీసి సరుకు చూస్తారు. ఈ లెక్కా అంతే, గ్లువాన్ క్షేత్రాల అసంఖ్యాక అమరికల్లో కొన్నింటినే ఎంచుకుంటుంది. దోషం సగం కావాలంటే నాలుగు రెట్లు నమూనాలు కావాలి.

మాస్టారూ, మీ అసలు ప్రశ్నకు నా జవాబు 2015 నాటి లెక్క. న్యూట్రాన్ ప్రోటాన్ కన్నా 1.29 ఎంఈవీ బరువు. లెక్కలో 1.51 వచ్చింది, దోషం 0.28. ప్రకృతిలో విద్యుదావేశాన్ని ఎవరూ ఆపలేరు. జాలకంలో ఆపి చూశారు. క్వార్కుల ద్రవ్యరాశుల తేడా న్యూట్రాన్‌ను దాదాపు 2.5 పెంచుతుంది, విద్యుదయస్కాంత బలం అందులో 1 తగ్గిస్తుంది. ఏ కారణం ఎంత పని చేస్తుందో విడదీసి చూపడం కన్నా వివరణ ఏముంటుంది? ఆ తేడా గుర్తు మారితే హైడ్రోజన్ నిలవదు, మనమూ ఉండం!

గుంటూరు అధ్యాపకుడు:
విడదీసి చూపడం నన్ను కదిలించింది, ఒప్పుకుంటున్నాను. కానీ గ్లువాన్ల వంటి క్షేత్రాల సిద్ధాంతంలో అతి తేలికైన కణానికి కూడా సున్నా కాని ద్రవ్యరాశి ఉంటుందని నిరూపించినవారికి అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000లో పది లక్షల డాలర్లు ప్రకటించింది. ఆ బహుమతి ఇంకా అలాగే ఉంది. అది అందేదాకా "వివరణ" అన్న మాట నా నోట రాదు.

కృష్ణలంక పరిశోధక విద్యార్థి:
మీరు అనకపోయినా పరవాలేదు మాస్టారూ. విద్యుదావేశాన్ని ఆపితే ఏమైందో రేపు ఆ అమ్మాయికి చెప్పండి. తర్వాత ఆమె ఏం అడిగిందో ఇక్కడ రాయండి.