ఈమాక్స్ కొత్తవాళ్లకు ఖాళీ ఇనిట్ ఫైలా? డూమ్ లాంటి రెడీమేడ్ సెటప్పా?

కొత్తబఫర్: ఫైనలియర్ చదువుతున్నా. పైథాన్ ప్రాజెక్టుకీ, ఆర్గ్ మోడ్‌లో (నోట్సు రాసుకునే మోడ్) తెలుగు నోట్సుకీ ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ వేసుకున్నా. ఒక సీనియర్ డూమ్ (ఇతరులు ముందే కట్టిపెట్టిన ఈమాక్స్ సెటప్) పెట్టుకోమన్నారు. ఇంకొకరు ఖాళీ ఇనిట్ ఫైల్‌తోనే (ఈమాక్స్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైల్) మొదలెట్టమన్నారు. ఏది చేయను?

పేరెన్_పక్షం: ఖాళీ ఫైలే. కంట్రోల్-హెచ్, ఆపైన టి కొట్టు, ట్యుటోరియల్ వస్తుంది. అది పూర్తి చెయ్. ఏదైనా కీ ఏం చేస్తుందో తెలియకపోతే కంట్రోల్-హెచ్, కె కొట్టి ఆ కీ నొక్కు, ఎడిటరే చెబుతుంది. డూమ్‌తో పాటు ఈవిల్ మోడ్ వస్తుంది, అంటే విమ్ అనే ఇంకో ఎడిటర్ కీలు. ఈమాక్స్, విమ్, డూమ్ మూడూ ఒకేసారి నెత్తిన పడతాయి. 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి ఎగ్లాట్ (కోడ్‌లో తప్పులు, సూచనలు చూపేది), యూజ్-ప్యాకేజ్ (ప్యాకేజీలను అమర్చుకునేది) లోపలే ఉన్నాయి. 30లో విచ్-కీ (తర్వాత ఏ కీ నొక్కొచ్చో చూపేది) కూడా చేరింది. ఇక రెడీమేడ్ దేనికి?

రాత్రిషిఫ్ట్: పేరెన్ గారూ, మీకు తీరిక ఉంది కాబట్టి చెబుతున్నారు. ఆఫీసులో నేనూ ఖాళీ ఫైల్‌తోనే మొదలెట్టా. కట్ చేద్దామని కంట్రోల్-ఎక్స్ కొడితే ఏమీ కాలేదు, కింద "సి-ఎక్స్-" అని చూపించి ఇంకో కీ కోసం ఎదురుచూస్తూ ఊరుకుంది. అందరి ముందూ లీడ్ "ఎడిటర్ నేర్చుకోవడానికా జీతం ఇస్తున్నది?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. డూమ్‌లో స్పేస్ నొక్కితే మెనూ వస్తుంది, చూసుకుంటూ పోవచ్చు.

చిటికెనవేలు: క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చుకో తమ్ముడూ, చిటికెనవేలికి శ్రమ తగ్గుతుంది. మిగతావన్నీ తర్వాత.

గోదారిగట్టు: కట్, కాపీ కోసమే అయితే సీయూఏ మోడ్ ఉందిగా, మామూలు కంట్రోల్-ఎక్స్, సి, వి పనిచేస్తాయి. ఒక్క లైను.

పేరెన్_పక్షం: సీయూఏ వద్దు. ఆల్ట్-డబ్ల్యూ కాపీ, కంట్రోల్-డబ్ల్యూ కట్, కంట్రోల్-వై పేస్ట్. అలవాటైపోతుంది.

రాత్రిషిఫ్ట్: ఎందుకు వద్దు? సెలెక్షన్ ఉన్నప్పుడే కంట్రోల్-సి కాపీ చేస్తుంది, లేకపోతే దాని పాత పని అది చేసుకుంటుంది. దానివల్ల ఏం చెడింది?

పేరెన్_పక్షం: సీయూఏ కాదు అసలు సంగతి. ఒకసారి ఎవరో కట్టిన కాన్ఫిగ్‌ని (సెట్టింగుల ఫైళ్లని) అప్‌డేట్ చేశా. డెమో రోజు పొద్దున అది తెరుచుకోలేదు. ఎక్కడ చెడిందో చూద్దామంటే అందులో నేను రాసిన లైను ఒక్కటీ లేదు. మైనస్-క్యూతో కాన్ఫిగ్ లేకుండా తెరిచి ఆ పూట గడిపా.

రాత్రిషిఫ్ట్: అందుకని కొత్తగా వచ్చిన ప్రతివాడినీ "ట్యుటోరియల్ చదువు" అని పంపేస్తావా? అది సాయం కాదు, మొహం మీద తలుపేయడం. కిల్ (కట్), యాంక్ (పేస్ట్), బఫర్ (తెరిచిన టెక్స్ట్) అంటూ మొత్తం ఇంగ్లిష్. ఆ ట్యుటోరియల్ జపనీస్‌లో ఉంది, కొరియన్‌లో ఉంది, థాయ్‌లో ఉంది. తెలుగులో లేదు. తెలుగు మీడియంలో చదివినవాడు ఎలా దాటాలి?

పేరెన్_పక్షం: నాకా చెబుతున్నావ్? నేనూ తెలుగు మీడియమే. మా కాలేజీ ల్యాబులో నెట్ ఉండేది కాదు. ఈమాక్స్ లోపలి మాన్యువల్, పక్కన ఒక డిక్షనరీ, అంతే. మొదటి ఉద్యోగంలో ఎడిటర్లో ఒక సెట్టింగ్ మార్చాలన్నా అడ్మిన్‌ని బతిమాలాల్సి వచ్చేది. ఇంకొకడిని అడగకుండా నా పనిముట్టు నేనే మార్చుకోవాలని ఇటు వచ్చా. వీడినీ ఇంకొకడి కాన్ఫిగ్ మీద ఆధారపడమంటే నాకు ఒళ్లు మండుతుంది.

రాత్రిషిఫ్ట్: నువ్వు పడ్డ పాట్లు అందరూ పడాలనేముంది? ముందు పని జరగనీ, సొంతం తర్వాత చేసుకుంటాడు.

పేరెన్_పక్షం: తర్వాత ఎవరూ చేసుకోరు.

కొత్తబఫర్: అన్నా, ఒక డౌటు. టెర్మినల్‌లో తెరిస్తే తెలుగు ఒత్తులు విడివిడిగా వస్తున్నాయి. ఇది కాన్ఫిగ్ వల్లేనా?

గోదారిగట్టు: కాదు, టెర్మినల్ వల్ల. మామూలు విండోలో తెరువు. 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ అక్షరాలను కూర్చుతుంది. కంట్రోల్-హెచ్, హెచ్ కొడితే పలు భాషల్లో పలకరింపులుండే హలో ఫైల్ వస్తుంది. అందులో తెలుగు వరుసలో "నమస్కారం" సరిగ్గా కనబడితే ఫాంట్ బాగున్నట్టే. టైపింగ్‌కి కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొట్టి తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ లేఅవుట్ ఎంచుకో. డూమ్‌లో అయితే ఇన్‌సర్ట్ మోడ్‌లో (టైప్ చేసే మోడ్) ఉన్నప్పుడే తెలుగు పడుతుంది, అది గుర్తుంచుకో. ఇంకోటి, 29 నుంచి ఇనిట్-డైరెక్టరీ అనే ఆప్షన్ ఉంది. రెండు కాన్ఫిగ్‌లు రెండు ఫోల్డర్లలో పెట్టుకుని ఏది కావాలంటే అది తెరవచ్చు.

కొత్తబఫర్: అయితే సబ్మిషన్ దాకా ప్రాజెక్టు డూమ్‌లో, నోట్సు ఖాళీ ఫైల్‌తో. నమస్కారం సరిగ్గానే వచ్చింది, థాంక్స్ అన్నా.

పేరెన్_పక్షం: సరే. కానీ ఆ ఖాళీ ఫైల్లోకి ఎవరి లైన్లూ కాపీ కొట్టకు. ఒక్కొక్కటి అర్థం చేసుకుని నువ్వే రాయి.

రాత్రిషిఫ్ట్: కాపీ కొట్టి, పనిచేశాక అర్థం చేసుకుంటే ఏం పోయింది?