రాజద్రోహం పోయిందా, పేరు మార్చుకుందా?

కృష్ణలంక:
పాత ఐపీసీలోని రాజద్రోహం సెక్షన్ 124ఎ పోయిందని సంబరపడినవారు, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 152వ సెక్షన్ ఒకసారి చదవండి. 'రాజద్రోహం' అన్న మాట లేదు, నిజమే. కానీ మాటతో, రాతతో, ఫోను సందేశంతో దేశ సార్వభౌమత్వానికి ముప్పు తెచ్చినా నేరమే. యావజ్జీవం, లేదా ఏడేళ్ల వరకు జైలు. పాత సెక్షన్‌లో యావజ్జీవం కాకుంటే మూడేళ్లే. తెల్లదొర మూడుతో సరిపెట్టుకుంటే మనవాళ్లు ఏడు చేశారు!

సరిహద్దు:
కృష్ణలంక గారూ, చదవడం సగంలో ఆపారు. కిందే వివరణ ఉంది: ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించడానికి చేసే విమర్శ నేరం కాదు. 2008 ముంబయి ఉగ్రదాడిలో తాజ్ హోటల్ దగ్గర కమాండోల కదలికలను టీవీలు చూపిస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చున్నవారు అవి చూస్తూ హోటల్ లోపలి ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు. ఆ దాడిలో పట్టుబడ్డ కసబ్ కేసు తీర్పులో, 2012లో, సుప్రీంకోర్టు ఆ చానళ్లను తప్పుబట్టింది. దాన్నీ భావ స్వేచ్ఛ అందామా?

పాత గుమాస్తా:
అనవద్దు. కానీ ఆ జబ్బుకు మందు వేరే ఉంది. ఉగ్రవాదుల ఏరివేత సాగుతుండగా ప్రత్యక్ష ప్రసారం కూడదని 2015లో కేబుల్ టీవీ నిబంధనల్లో చేర్చారు. ఎక్కడ ఆగాలో విలేఖరికి తెలుస్తుంది. 'సార్వభౌమత్వానికి ముప్పు' ఎక్కడ మొదలవుతుందో ఎవరికి తెలుసు?

చండీగఢ్‌లో నీలం సినిమా హాలు. 1984 అక్టోబరు 31, ఇందిరా గాంధీ హత్య జరిగిన రోజు. ఇద్దరు ప్రభుత్వోద్యోగులు హాలు ముందు ఖలిస్తాన్ నినాదాలు రెండు మూడు సార్లు చేశారు. దారినపోయేవారు పట్టించుకోలేదు, గొడవేమీ జరగలేదు. అయినా రాజద్రోహం కేసు, శిక్ష. సుప్రీంకోర్టు కొట్టేసేసరికి 1995 వచ్చింది. ఆ నినాదాలు నాకు నచ్చవు, ఆ రోజున అసలే నచ్చవు. అయినా పదేళ్లకు పైగానా?

సరిహద్దు:
చివరికి కొట్టేశారు కదా. హింసకు, అశాంతికి దారితీసే మాటలకే 124ఎ అని కేదార్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే గీత గీసింది. 152కూ కోర్టులు అదే గీత వర్తింపజేస్తాయి.

కృష్ణలంక:
1962లో గీసిన గీత 1984లో ఆ ఇద్దరినీ ఆదుకోలేదే! ఎఫ్‌ఐఆర్ రాసే ఎస్సై బల్ల మీద ఉండేది సెక్షన్, తీర్పు కాదు. 2023లో చట్టం కొత్తగా రాసేటప్పుడు 'హింసకు ప్రేరేపిస్తేనే' అన్న రెండు మాటలు సెక్షన్‌లోనే పెట్టడానికి అడ్డేమిటి?

సరిహద్దు:
ఆ రెండు మాటలు పెడితే నేను కాదనను. ఏడేళ్లు తగ్గించమంటే మాత్రం ఒప్పుకోను.