హెడ్‌ఫోన్స్‌లో కమ్మగా ఉంది, ఆంప్‌కి పెడితే ముద్దగా వస్తోంది: జూమ్ జీ1 ఫోర్ వాడేవాళ్లు చెప్పండి

పాలకొల్లు_పిక్:
అందరికీ నమస్తే. రెండు నెలల కిందట సెకండ్‌హ్యాండ్‌లో జూమ్ జీ1 ఫోర్ తీసుకున్నాను, గిటార్ సౌండ్‌ని రకరకాలుగా మార్చే ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లలో నాకిదే మొదటిది. రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తుంటే లేవబుద్ధి కాదు, అంత బాగుంటుంది. అవే ప్యాచ్‌లు (అందులో సేవ్ చేసి పెట్టుకున్న సౌండ్‌లు) ఆదివారం చర్చిలో గిటార్ ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) కలిపితే దుప్పటి కప్పినట్టు మందంగా వస్తున్నాయి. దానికి తోడు క్లీన్ (మామూలు గిటార్ సౌండ్) నుంచి లీడ్ (సోలో వాయించే) ప్యాచ్‌కి మారగానే ఒక్కోసారి చెవులు పగిలేలా పెరుగుతుంది, ఒక్కోసారి డ్రమ్స్‌లో కలిసిపోయి వినపడదు. పోయిన వారం పాట మధ్యలో అలా జరిగితే పాడేవాళ్లందరూ నా వైపు తిరిగారు, ఆ రోజంతా మనసు బాగోలేదు. మాన్యువల్ చదివితే ఏ బటన్ ఏంటో తెలిసింది గానీ సౌండ్ ఎలా కట్టుకోవాలో తెలియలేదు. అడాప్టర్ పెడితే హమ్ (గుయ్‌మనే శబ్దం) కూడా వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

బెజవాడ_సౌండ్‌చెక్:
తమ్ముడూ, దాని వెనక జాక్ చూడు. అవుట్‌పుట్‌కీ హెడ్‌ఫోన్స్‌కీ ఒకటే జాక్. అంటే అటువైపు నువ్వు ఏం కలిపావో ఆ పెట్టెకి తెలియదు, నువ్వే చెప్పాలి. గిటార్ ఆంప్‌లోని స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటిన సౌండ్‌ని బాగా తగ్గించేస్తుంది, హెడ్‌ఫోన్స్ అలా తగ్గించవు కాబట్టి ఆ పని చేయడానికే ప్యాచ్‌లో ఆంప్ మోడల్ (ఆంప్ సౌండ్‌కి నకలు), క్యాబినెట్ (స్పీకర్ పెట్టెకి నకలు) పెడతారు. నువ్వు దాన్ని తీసుకెళ్లి నిజం ఆంప్‌కి కలిపితే ఒక స్పీకర్ లోంచి వచ్చిన సౌండ్‌ని ఇంకో స్పీకర్ లోంచి పంపినట్టు అవుతుంది, అందుకే ఆ ముద్దతనం. ఆంప్‌కి పెట్టినప్పుడు ఆ రెండూ ఆఫ్ చెయ్, ఆంప్ లేకుండా నేరుగా హాల్ మిక్సర్‌కి కలిపితే ఆన్ చెయ్. మర్చిపోయి క్యాబినెట్ లేకుండా డిస్టార్షన్‌ని (గరగరలాడే సౌండ్‌ని) మిక్సర్‌కి పంపావంటే మాత్రం తేనెటీగల తుట్టె కదిపినట్టు గీ... అని వస్తుంది.

ఆరు_తీగలు:
పైన చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. నేను చెప్పేది ఏంటంటే, ఫ్యాక్టరీ ప్యాచ్‌ల జోలికి కొన్నాళ్లు వెళ్లొద్దు. ఖాళీ ప్యాచ్ ఒకటి తీసుకో, ఒకేసారి 5 ఎఫెక్ట్‌లు పెట్టొచ్చు కదా అని 5 పెట్టకు. ముందు డ్రైవ్ (గరగర తెచ్చే ఎఫెక్ట్) ఒక్కటే పెట్టి, గెయిన్ (ఆ గరగర ఎంత ఉండాలో తిప్పేది) నీకు సరిపోయిందనిపించిన చోట నుంచి కాస్త వెనక్కి తిప్పు, ఎందుకంటే ఒంటరిగా వాయించినప్పుడు బాగున్న గెయిన్ బ్యాండ్‌లో నోట్‌ని మింగేస్తుంది. దాని తర్వాత డిలే (నోట్ కాస్త ఆగి మళ్లీ వినిపించేది), చివర్లో రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసేది). డిలే టైమ్ గాలిలో పెట్టొద్దు, 60,000ని పాట టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో భాగించు. 120 టెంపో అయితే ఒక బీట్‌కి 500 మిల్లీసెకన్లు, అందులో ముప్పావు వంతు 375. ఆ 375 పెట్టి ఒక్క తీగ మీద ఎనిమిదో నోట్లు (బీట్‌కి రెండు చొప్పున) వాయించి చూడు, నువ్వు వాయించని నోట్లు మధ్య ఖాళీల్లోకి వచ్చి కూర్చుంటాయి, అది మొదటిసారి విన్నప్పుడు నేను గంటసేపు అదే వాయించాను.

ప్యాచ్‌ల వాల్యూమ్ సంగతి హెడ్‌ఫోన్స్‌లో తేలదు. తక్కువ సౌండ్‌లో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి, అందుకని ఇంట్లో మనం వాటిని పెంచేస్తాం, హాల్లో అవే పొడుచుకొస్తాయి. ఆదివారం అరగంట ముందే వెళ్లి, అదే ఆంప్‌కి, పాటలో ఉండేంత సౌండ్‌లో, క్లీన్ ప్యాచ్‌ని కొలతగా పెట్టుకుని మిగతావి దానికి సరిచెయ్. లీడ్ మాత్రం కొంచెం పైకి.

పాత_ఫ్రెట్స్:
ఖాళీ ప్యాచ్ సలహాతో నేను ఏకీభవించను. ఏ ఎఫెక్ట్ ఏం చేస్తుందో తెలియని మనిషి ఖాళీ ప్యాచ్ ముందు కూర్చుని ఏం చేస్తాడు? నచ్చిన ప్యాచ్ తీసి ఒక్కో ఎఫెక్ట్ ఆపుతూ, మళ్లీ ఆన్ చేస్తూ వినమనండి, చెవి అలాగే పడుతుంది. కాకపోతే ముందు ఆటో సేవ్ ఆఫ్ చేసుకోండి, లేకపోతే కదిపిందల్లా సేవ్ అయి అసలుది పోతుంది.

హమ్ గురించి: అడాప్టర్ తీసేసి నాలుగు డబుల్ ఏ సెల్స్ వేసి వాయించండి. హమ్ పోయిందంటే తప్పు అడాప్టర్‌ది లేదా ఆ ప్లగ్ పాయింట్‌ది. దానికి కావాల్సింది 9 వోల్టులు, 500 మిల్లీఆంప్స్, పిన్ లోపల మైనస్. ఇంట్లో దొరికిన అడాప్టర్ ఏదో ఒకటి గుచ్చేయకండి, పోలారిటీ (ప్లస్, మైనస్ ఎటువైపో అది) తప్పితే పెట్టే పోతుంది. సెల్స్ మీద కూడా హమ్ ఉంటే గిటార్, కేబుల్ చూడాలి.

పాలకొల్లు_పిక్:
సెల్స్ వేస్తే హమ్ మాయం! అడాప్టర్ వెనక చూస్తే 12 వోల్టులని ఉంది, అమ్మినతను ఇచ్చిందే, ఇన్నాళ్లూ అదే వాడాను, పెట్టె పోనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ప్యాచ్‌లోని ఆంప్ మోడల్, క్యాబినెట్ ఆఫ్ చేసి శనివారం ప్రాక్టీస్‌లో వాయించాను, మూడో తీగ కూడా విడిగా వినిపించింది. ఇప్పుడు ప్రతి ప్యాచ్‌కీ రెండు కాపీలు చేస్తున్నాను, ఒకటి ఆంప్‌కి, ఒకటి మిక్సర్‌కి. ఉన్నవి 50 స్థానాలే కాబట్టి ఫ్యాక్టరీవి కొన్ని తీసేయాలి. కంప్యూటర్‌లో బ్యాకప్ ఎలా తీసుకోవాలి?

బెజవాడ_సౌండ్‌చెక్:
జూమ్ వాళ్ల గిటార్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ వేసుకో, యూఎస్‌బీతో కలుపు, తీసేసే ముందు అన్నీ సేవ్ చేసుకో. కేబుల్ మాత్రం డేటా కేబుల్ కావాలి, ఉత్త ఛార్జింగ్‌ది అయితే కంప్యూటర్‌కి కనపడదు.